వెనక సీట్లో ఎర్ర బొమ్మ

ముప్ఫై ఏళ్ళకు పైగా కార్ల కరెంటు పని చేసి, రిటైరయ్యే ఏడాది నేను ఒక కారును చూసి భయపడ్డాను. మీటరు పట్టుకున్నవాడు దయ్యానికి జడుసుకున్నాడంటే ఇప్పుడు స్కానర్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుని తిరిగే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. మీ వయసులో నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఆ ఏడాది మాత్రం నవ్వు రాలేదు.

బెంగుళూరు తూర్పువైపు ఒక పెద్ద షోరూము, దాని వెనక వర్క్‌షాపు. నాకక్కడ రెండు పనులు. కొత్త బండి కస్టమరు చేతికి వెళ్ళేముందు ఆఖరి తనిఖీ చేసి సంతకం పెట్టడం ఒకటి. కరెంటు కంప్లైంటుతో తిరిగొచ్చిన బండిని చూడటం రెండోది. అంటే, పంపేదీ నేనే, తిరిగొస్తే చూసేదీ నేనే. తప్పు చేసినవాడే విచారణాధికారి అయితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

హైబ్రిడ్ బళ్ళు వచ్చిన కొత్తలో మాకు అదొక తలనొప్పి. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉంటాయి కాబట్టి బండి చప్పుడు లేకుండా కదులుతుంది. సిగ్నల్లో ఆగి ఉన్నప్పుడు ఇంజను తనంతట తనే లేస్తుంది, తనంతట తనే పడుకుంటుంది. అలవాటు లేని ఓనర్లు బెదిరిపోయి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. "హైబ్రిడ్ అంటే అంతే మేడమ్", "హైబ్రిడ్ అంటే అంతే సార్" అని చెప్పి చెప్పి మా నోళ్ళు అరిగిపోయాయి. అలా చెప్పడం అలవాటైన నోరు, నిజంగా జబ్బున్న బండి వచ్చినా అదే మాట అంటుంది. మా పతనం అక్కడ మొదలైంది.

కంపెనీవాళ్ళు మాకు ట్రైనింగు ఇచ్చారు. మూడు రోజులూ నారింజ రంగు వైర్ల గురించే చెప్పారు. పెద్ద బ్యాటరీ నుంచి వచ్చే వైర్లు అవి, పొరపాటున ముట్టుకుంటే మనిషి మిగలడు. రబ్బరు తొడుగులు, గొడుగు కర్రంత ప్లాస్టిక్ కొక్కెం, పక్కన ఇంకో మనిషి కాపలా. ఆ నారింజ వైర్లకు ఎంత భయపడ్డామంటే, డిక్కీ అడుగున కూర్చున్న చిన్న బ్యాటరీని ఎవరూ పట్టించుకోలేదు. మామూలు కారులో ఉండే మామూలు బ్యాటరీయే అది. కానీ లైట్లు, తాళాలు, అలారాలు, స్టార్ట్ బటను, అన్నీ దాని మీదే బతుకుతాయి. అది దగ్గితే పెద్ద బ్యాటరీ ఎంత బలంగా ఉన్నా బండి లేవదు.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో నేను సంతకం పెట్టి పంపిన బండి మూడోరోజే హోసూరు రోడ్డు మీద లారీ కింద పడింది. తప్పు లారీది. అయినా స్వీటు డబ్బా నా చేతిలో పెట్టి నవ్వుతూ వెళ్ళిన ఆ మనిషి ముఖం నన్ను వదల్లేదు. మాది హిందూపురం పక్క. మా అమ్మ విని, "కొత్త బండికి ఎంతమంది కండ్లు తగుల్తాయో నీకేం తెలుసురా" అంది. ఎర్రగుడ్డ ముక్కలో గుప్పెడు రాళ్ళ ఉప్పు, రెండు ఎండు మిరపకాయలు, ఒక పటిక బెడ్డ వేసి, మూడు చుట్లు చుట్టి కొస లోపలికి దోపి ముడి వేయడం నేర్పింది. అప్పటినుంచీ నేను తనిఖీ చేసిన ప్రతి కొత్త బండి డిక్కీలో, స్టెప్నీ పక్క గుంటలో, ఎవరికీ కనబడకుండా ఆ మూట పెట్టేవాణ్ణి. కస్టమరుకు చెప్పను, దిష్టి మూట చెప్పి పెట్టేది కాదు. మీటరు నమ్మేవాడికి మూట ఎందుకని అడగొద్దు. బళ్ళో ఉన్నది మీటరు చూసుకుంటుంది, రోడ్డు మీద ఉన్నది ఎవరు చూసుకుంటారు?

ఆ జూన్‌లో ఆమె మొదటిసారి వచ్చింది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఖమ్మం వైపు అమ్మాయి. అత్తగారికి కిడ్నీల జబ్బు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్ళాలి, కుదుపులు లేకుండా వెళ్తుందని ఈ బండి కొన్నారు.

"సార్, అత్తమ్మ బెల్ట్ పెట్టుకునే ఉంటది. అయినా పెట్టుకోలేదని అలారం కొడ్తనే ఉంటది" అంది.

ఈ బళ్ళలో స్టీరింగు ముందున్న తెర మీద సీట్ల బొమ్మ ఉంటుంది. వెనక ఎవరైనా కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ఆ సీటు దగ్గర చిన్న మనిషి బొమ్మ ఎర్రగా వెలిగి, టింగ్ టింగ్ అని మోగుతుంది. నేను బండి తీసుకున్నాను. మా దగ్గర ఒక పద్ధతుంది. ఏ బండి వచ్చినా ముందు కడుగుతారు. మురికి బండి లోపలికి రావడం మా మేనేజరుకు గిట్టదు. కడిగి, డిక్కీ తెరిచి, ఎండలో ఆరబెట్టి, ఎండ లేకపోతే వేడిగాలి మిషను పెట్టి, పెళ్ళికొడుకులా తయారుచేసి మా దగ్గరకు పంపుతారు. స్కానరు పెట్టాను. తప్పుంటే చూపించే కోడు ఏదీ రాలేదు. వెనక సీట్లో కూర్చుని చూశాను. అంతా బాగుంది. "కోడ్ లేకుంటే కంప్లైంటే లేదు" అనేది మేనేజరు వేదవాక్కు. జాబ్ కార్డు మీద 'నార్మల్' అని రాసి సంతకం పెట్టాను.

జూలైలో మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక ఎవరూ లేకుండానే పార్కింగు అలారం మోగుతోంది, వెనక మనిషి నిలబడ్డట్టు. వాన లేకుండానే వెనక వైపరు ఒక్కసారి ఊగి ఆగిపోతోంది. కడిగారు, ఆరబెట్టారు, స్కాను చేశాను. నార్మల్.

మూడోసారి ఆమె రాలేదు. మళ్ళీ దారిలో మొండికేస్తుందేమోనని బండిని లారీ మీద తెచ్చారు. కూడా వచ్చిన భర్త పెద్దగా మాట్లాడలేదు. "స్టార్ట్ కాలేదని చెప్తుంది. నేను సాయంత్రం నొక్కితే అయ్యింది. అసలు స్టార్ట్ కాకపోయే చాన్స్ ఉందా లేదా, అది రాసివ్వండి సార్" అన్నాడు. గడ్డం పెరిగి ఉంది. చొక్కా నలిగి ఉంది. కడిగారు, ఆరబెట్టారు. ఇరవైసార్లు బటను నొక్కాను. ఇరవైసార్లూ తెర మీద 'రెడీ' అని పచ్చగా వచ్చింది. నార్మల్ అని రాసిచ్చాను. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అతని ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు.

నాలుగోసారి ఆగస్టులో ఆమె ఆటోలో వచ్చింది, బండిని మా డ్రైవరు వెనక తెచ్చాడు. చిక్కిపోయింది. కౌంటరు దగ్గర నిలబడకుండా నన్ను పక్కకు పిలిచింది.

"సార్, అత్తమ్మ పోయింది. మీకు తెలుసా?"

తెలియదన్నాను. బండి మూడోసారి మా దగ్గరికి రావడానికి ముందు, ఒక రోజు పొద్దున్నే అత్తగారికి ఊపిరాడలేదట. కిందికి తీసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి బటను నొక్కితే బండి లేవలేదు. వాన. క్యాబులు దొరకలేదు. అంబులెన్సు ఆ ట్రాఫిక్‌లో వచ్చేసరికి నలభై నిమిషాలు. ఆ రాత్రే ఆసుపత్రిలో పోయింది. అదే రోజు పొద్దున ఈమెకు ఆఫీసు మీటింగు ఉంది. మీటింగు అయ్యేదాకా ఆగి, లేటుగా బయల్దేరి, నెపం బండి మీద వేసిందని ఇంట్లోవాళ్ళ అనుమానం. సాయంత్రం కొడుకు వచ్చి నొక్కగానే బండి లేచింది కదా!

"ఇప్పుడు నేనొక్కదాన్నే నడుపుతుంటే ఎర్ర బొమ్మ వస్తది సార్. ఎడమవైపు, వెనక. అత్తమ్మ కూర్చునే సీట్ల. ఎవరూ ఉండరు. టింగ్ టింగ్ అని కొడ్తనే ఉంటది. పొద్దున పూటే. ఆదివారం మా ఆయన నడిపితే రాదు."

"వీడియో తీయలేదామ్మా?"

"నడుపుతూ ఎట్ల తీస్త? ఆపి ఫోన్ తీసేలోపు పోతది. ఒక్కసారి దొరికింది. చూపిస్తే, వెనక బ్యాగ్ పెట్టి తీసినవ్ అన్నడు." ఫోను బ్యాగులో పెట్టుకుని, "డాక్టర్ దగ్గరికి తీస్కపోతున్నరు సార్. టాబ్లెట్లు ఇచ్చిన్రు. మీరు నార్మల్ అని రాసిన కాగితాలు ఫైల్ల పెట్టి ఆ డాక్టర్‌కు చూపించిండు" అంది.

ఆ క్షణంలో నేను చేయాల్సింది వేరు. చేసింది వేరు. అప్పటికే వెనక ముగ్గురు కస్టమర్లు నిలబడి ఉన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు మనిషి పెద్దరికం నటిస్తాడు. "ఒకసారి దిష్టి తీయించమ్మా, మనసు కుదుటపడుతుంది" అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసి, "మీరు కూడానా సార్" అంది. అంతే, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. స్కానరులో ఏమీ రాలేదు. నాలుగో నార్మల్ రాశాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు నా మీద రోత.

తర్వాతి వారం నగర్తపేట నుంచి ఒక హోల్‌సేల్ పాత్రల వ్యాపారి వచ్చాడు. అదే మోడలు బండి. తాతల కాలంనుంచీ బెంగుళూరులో ఉన్న తెలుగు కుటుంబం.

"అప్పా, ఈ గాడీలో ఏమో ఉండాది" అన్నాడు గొంతు తగ్గించి. "డిక్కీ దానంతట అదే తెరుచుకుంటాది. పొద్దున గోడౌనుకు పోతావుంటే వెనక వైపరు ఒక్కతూరి ఊగి నిలిచిపోతాది. ఎనకాల కూర్చోని ఎవరో చెయ్యి ఊపినట్ల. పూజారిని పిలిపించి హోమం గూడా చేయించినా. ఇంకా ఎక్కువైంది గానీ తగ్గలేదు."

"ఎప్పుడొస్తాది ఇట్ల? ఎండలోనా, వానలోనా?"

"వాన బట్టినప్పుడే. ఎండ కాసిందంటే దయ్యం గూడా పండుకుంటాది."

అతను హాస్యానికే అన్నాడు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆమె కూడా పొద్దున పూటే అంది. భర్త ఆదివారం బండిని పైకి తెచ్చి, ఎండలో కడిగించి, తర్వాతే నడుపుతాడని కూడా చెప్పింది. మేమూ అంతే, కడిగి, ఆరబెట్టి, అప్పుడు చూస్తాం. రోగికి పథ్యం పెట్టి, జ్వరం దిగాక నాడి పట్టుకుని, ఏ జబ్బూ లేదని చీటీ రాసిచ్చే వైద్యుడు ఎవరో కాదు, నేనే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క బండినైనా అది ఉన్నచోట, ఉన్నట్టుగా చూశానా అని వెతుక్కుంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆమెకు ఫోను చేశాను. "అమ్మా, బండి కడగొద్దు. తియ్యొద్దు. వానపడే రోజు పొద్దున నేనే వస్తాను" అన్నాను. "సరే సార్" అంది.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. వాళ్ళ అపార్ట్‌మెంటుకు కింద రెండంతస్తుల బేస్‌మెంటు. బండి అట్టడుగున, ఒక స్తంభం పక్కన ఉంది. గోడలకు చెమ్మ దిగి నల్లగా ఉన్నాయి. తాళం భర్త దగ్గర ఉంది, ఆమె చేతికి ఇవ్వడం మానేశాడట. తెచ్చి నాకిచ్చాడు. "చూడండి సార్. ఏముండదు" అన్నాడు విసుగ్గా, దూరంగా నిలబడి.

నేను స్టీరింగు ముందు, ఆమె నా పక్కన కూర్చున్నాం. బటను నొక్కాను. రెండుసార్లు తెర మినుకుమంది. మూడోసారి 'రెడీ' అని వచ్చింది. ఇంజను చప్పుడు లేదు. హైబ్రిడ్ అంటే అంతే కదా. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో పైపులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు, మా ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. లేద్దామనుకుంటున్నాను. వెనక డోరు తాళం దానంతట అదే టక్కుమని పడింది.

తెర మీద ఎడమవైపు వెనక సీటు దగ్గర చిన్న మనిషి బొమ్మ ఎర్రగా వెలిగింది. టింగ్. టింగ్. టింగ్. వెనక్కి తిరగడానికి నా మెడ ఒప్పుకోలేదు. అద్దంలో చూశాను. ఖాళీ సీటు. సీటుకు అడ్డంగా బెల్టు పెట్టి ఉంది. ఎవరూ లేని సీటుకు ఎవరో బెల్టు పెట్టారు. వెనక వైపరు పొడి అద్దం మీద కిర్రుమని ఒకసారి ఊగి నిలిచిపోయింది. కెమెరా తనే ఆన్ అయి తెర నిండా వెనకనున్న స్తంభం, దాని మీద చెమ్మ మరక కనిపించాయి. ఎవరూ లేరు. అలారం మాత్రం ఎవరో దగ్గరికొస్తున్నట్టు చప్పుడు పెంచుతూనే ఉంది.

ఆమె వెనక్కి తిరగకుండానే, రోజూ చెప్పే మాటలా, మెల్లగా అంది. "అత్తమ్మా, బెల్ట్ పెట్టిన కదా. పోదాం. ఇగ పోదాం."

అబద్ధమెందుకు, ఆ క్షణంలో నేను పూర్తిగా నమ్మాను. ఆ ముసలామె వెనకే కూర్చుని ఉందని, ఆసుపత్రికి ఇంకా లేటవుతోందని, మా ఇద్దరిలో ఎవరు ఆపారో తేల్చుకోవడానికి వచ్చిందని. అప్పుడు కిటికీ అవతల భర్త ముఖం కనిపించింది. అతనూ తెర వైపే చూస్తున్నాడు. రక్తం చుక్క లేదు ఆ ముఖంలో.

నన్ను లేపింది ధైర్యం కాదు, అలవాటు. చేతులు వాటంతటవే పని వెతుక్కున్నాయి. ఏదీ ఆపొద్దని చెప్పి, దిగి, డిక్కీ తెరిచి, లోపలి పలక ఎత్తాను.

ముందు వాసన తగిలింది. తడి ఉప్పు వాసన. చిన్న బ్యాటరీ పక్కన అచ్చంగా దానికోసమే చేసినట్టున్న గూటిలో ఒక గుడ్డ మూట. ఒకప్పుడు ఎర్రది, ఇప్పుడు నల్లగా, పిండితే కారేటంత తడిగా ఉంది. ఉప్పు చెమ్మను పీల్చుకుని నీరై, ఆ నీరు చుక్క చుక్కగా కింద వైర్ల జాయింటు మీద పడుతోంది. వెనక వైపు వైర్లన్నీ, సీటు, తాళం, వైపరు, కెమెరా, చిన్న బ్యాటరీ వైరుతో సహా అక్కడే కలుస్తాయి. జాయింటు మీద పచ్చగా తెల్లగా పొక్కులు. ఉప్పునీటికి కరెంటు దారి కాని దారిలో పోతుంది. ఎండ తగిలి ఆరితే మళ్ళీ బుద్ధిగా ఉంటుంది.

మూటకు మూడు చుట్లు. కొస లోపలికి దోపిన ముడి. పాత బళ్ళలో స్టెప్నీ గుంట ఉత్త ఇనుము కాబట్టి ముప్ఫై ఏళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మోడలులో గుంట లేదు. ఈ గూడు చూసి ఎంత ముచ్చటపడ్డానో నాకు గుర్తొచ్చింది.

ఏం చేశానో చెప్తాను. మూట తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. డిక్కీ మూత చాటున, ఇద్దరూ చూడకుండా.

"కనెక్టరు తుప్పు పట్టింది" అన్నాను బయటికొచ్చి.

"ఎట్ల పట్టింది సార్?" ఆమె అడిగింది.

"తడి" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. తిరిగి వర్క్‌షాపుకు వెళ్ళేదాకా ఉప్పునీరు నా తొడ మీద చల్లగా కారుతూనే ఉంది.

వర్క్‌షాపులో వాషింగు సెక్షను పెద్దామె, రోజూ చందాపుర నుంచి బస్సులో వచ్చేది, నా ప్యాంటు మీద తెల్ల మరక చూసింది. "మూట తీసేసినావా అన్నా?" అంది.

"నీకు తెలుసా?"

"తెలీకేమి? ఈ బండి వచ్చిన నాలుగు తూర్లూ పలక ఎత్తి తుడిచింది నేనే కదా. తడిసి ఉండె. పిండి, ఆరబెట్టి, మళ్ళా ఆడనే పెట్టినా. దేవుడిది కదన్నా, మనం తీస్తామా?"

ఎన్నో ఏళ్ళ కిందట ఒక మూట ఆమె కంటబడితే తీయబోయింది. అది దేవుడిదని ఆమెకు నేర్పింది నేనే.

మేనేజరు కన్నడాయన, నాతో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాడు. విషయమంతా ఆయనకు చెప్పాను. ఆయన లేచి బయట ఎవరైనా ఉన్నారేమో చూశాడు. తర్వాత తలుపు వేసి, "ఎలుక అని రాయప్పా" అన్నాడు. "సుమ్నే, ఊరికే ఎందుకు తలనొప్పి? అందరి బండ్లూ ఎలుకలే కొరుకుతాయి. ఎలుక వచ్చి నేను కాదంటాదా?"

మా వర్క్‌షాపులో తేలని ప్రతి కేసునూ ఎలుక మీద వేసేవాళ్ళం. పాపం, అదెన్ని నేరాలు మోసిందో. నేను సరేనన్నాను. జాబ్ కార్డు మీద 'ఎలుక కొరకడం వల్ల' అని రాశాను కూడా. ఇంకో నెలలో నా రిటైర్‌మెంటు. కొత్త జాయింటు వేశాం, బండి కొత్తదైంది.

మర్నాడు బండి తీసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆమె బయట బండి దగ్గరే నిలబడింది. అతను కౌంటరు దగ్గరికొచ్చి కార్డు చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఈ ఎలుక... ఎప్పట్నుంచి సార్? అమ్మ పోయిన రోజు... నిజంగనే స్టార్ట్ కాలేదా?"

కార్డులో దానికి జవాబు లేదు. ఎలుక ఎప్పుడు కొరికిందో ఎవరు చెప్పగలరు? నిన్న కొరికి ఉండొచ్చు. ఆమె మీద అనుమానం అలాగే ఉండిపోతుంది, నేను మాత్రం శాలువా కప్పించుకుని ఇంటికి పోతాను. అద్దంలోంచి బయట ఆమె కనిపిస్తోంది. చేతులు కట్టుకుని, ఎవరో తీర్పు చెప్పబోతున్నట్టు నేలచూపులు చూస్తోంది.

సొరుగులోంచి మూట తీసి కౌంటరు మీద పెట్టాను. అది ఆరి, గట్టిపడి, రాయిలా ఉంది.

"ఎలుక కాదు సార్. ఇది నేను పెట్టింది" అన్నాను. డెలివరీ రోజు ఎక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో, వానలు మొదలైన రోజునుంచీ అది ఏం చేసిందో వరసగా చెప్పాను. "ఆ రోజు బండి లేవలేదు. లేవదు. మీరు సాయంత్రం నొక్కేసరికి వాన వెలిసి ఆరింది. ఆమె మొదటిరోజు నుంచీ చెప్పిందంతా నిజం. అబద్ధం రాసింది నేను, నాలుగుసార్లు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. అతను మూటను ముట్టుకోలేదు. వెనక్కి నడిచి సోఫాలో కూలబడ్డాడు. "రెండు నెల్లు, సార్" అన్నాడు. "రెండు నెల్ల నుంచి ఆమెతో నేను అన్నం తిన్నవా అని కూడ అనలేదు." మొహం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేనేజరు తన గది తలుపు తెరిచి, చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ఆ నలభై నిమిషాలు పోకుండా ఉంటే ఆ తల్లి బతికేదా అని అతను అడగలేదు. నేనూ చెప్పలేను. ఆ ప్రశ్న అతనికీ నాకూ చెరిసగం.

కాసేపటికి లేచి, "అది రాసియ్యండి సార్" అన్నాడు. కొత్త కార్డు తీసి రాశాను. 'ఈ బండిని నార్మల్ అని నేను నాలుగుసార్లు రాసింది తప్పు. డిక్కీలో నేను పెట్టిన ఉప్పు మూట వల్ల వైర్లు చెడిపోయాయి. ఆ రోజు బండి స్టార్ట్ కాలేదు. కస్టమర్ మొదటినుంచీ నిజమే చెప్పింది.' కింద సంతకం పెట్టాను. మా సంస్థ కాగితాల మీద అంత సాదా తెలుగు నేనెన్నడూ రాయలేదు. అతను దాన్ని పట్టుకుని బయటికి వెళ్ళి ఆమెకిచ్చాడు. ఆమె నిలబడే చదివింది. తర్వాత బండి పక్కన, ఆ తడి నేల మీదే, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. అతను కూడా ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఉన్న నెల రోజుల్లో ఉచిత తనిఖీ అని పిలిచి, ఆ మోడలు బళ్ళన్నిటినీ రప్పించి, మూటలన్నీ తీసేశాను. పాత్రల వ్యాపారి తన హోమం ఆలస్యంగానైనా ఫలించిందని సంబరపడ్డాడు. ఆయనకు గానీ మిగతావాళ్ళకు గానీ నిజం చెప్పలేదు. అంత ధైర్యం ఒక్కసారికే ఉండింది. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే క్షమించాలి. శాలువా కప్పారు, ఇంటికి వచ్చేశాను.

ఏడాది తిరిగాక అత్తగారి సంవత్సరీకం అయిన మర్నాడు ఆమె ఫోను చేసి భోజనానికి పిలిచింది. వెళ్ళకుండా తప్పించుకోవాలని చూశాను. భర్త కూడా ఫోను తీసుకుని, రావాలి సార్ అన్నాడు. వెళ్ళాను. హాల్లో పెద్దామె ఫోటోకు మల్లెదండ వేసి ఉంది. దాని పక్కనే, అంతే ఎత్తులో, లామినేషన్ చేయించిన నా జాబ్ కార్డు.

నేను దాన్ని చూడలేక తల తిప్పుకుంటే ఆమె చూసింది. "అత్తమ్మకు చదివి వినిపించిన సార్, ఆ రోజే" అంది.

భోజనాలయ్యాయి. బయట వాన మొదలైంది. బస్‌స్టాపు దాకా దింపుతామన్నారు. అదే బండి. భర్త తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, తాను పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఎడమవైపు ఎక్కాను, నాకు దగ్గరగా ఉన్న తలుపు అదే కాబట్టి. ఆమె బటను నొక్కింది. 'రెడీ' అని పచ్చగా వచ్చింది. చప్పుడు లేకుండా బండి కదిలింది.

టింగ్. టింగ్. టింగ్.

తెర మీద ఎడమవైపు వెనక సీటు దగ్గర ఎర్ర బొమ్మ. బండి ఆగింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆ అలారం ఎంతసేపు మోగిందో నాకు తెలియదు.

అప్పుడు నా ఒడిలోకి చూసుకున్నాను.

"నేనేనమ్మా" అన్నాను. "బెల్టు పెట్టుకోలేదు."

లాగి పెట్టుకున్నాను. ఎర్ర బొమ్మ ఆరిపోయింది. ఆమె అద్దంలోంచి నన్ను, నా పక్కనున్న ఖాళీ చోటును కాసేపు చూసింది. "సరే సార్, పోదాం" అని వాన వైపర్లు వేసి, మెల్లగా బేస్‌మెంటు పైకి నడిపింది.